కొరాపుట్ చలిలో బండి: గ్లౌజుల కంటే ముందు చూసుకోవాల్సినవి

డిసెంబరు వచ్చిందంటే ఒడిశా కొండల మీది జయపురం, కొరాపుట్, సిమిలిగుడ బజార్లలో స్వెటర్లు, మంకీ క్యాపుల పక్కనే గ్లౌజుల గుట్టలు కూడా వెలుస్తాయి. వాటిలో అన్నిటికంటే లావుగా, లోపల బొచ్చుతో ఉన్న జత ఏరి కొనుక్కుని, మర్నాడు తెల్లవారుజామున బండి తీసి కింద ఆంధ్రలోని సాలూరు వైపు బయల్దేరిన వాళ్ళలో చాలామంది దారిలో పొట్టంగి రాకముందే బండి స్టాండేసి, చేతులు చంకల్లో దోపుకుని నిలబడి ఉంటారు. గ్లౌజు నాసిరకం అనుకుంటారు, వచ్చే ఏడు ఇంకా లావుది కొంటారు, మళ్ళీ అదే కథ. బండి మీద వేళ్ళు కొంకర్లు పోవడానికి గ్లౌజు మందం కంటే పెద్ద కారణాలు ఉన్నాయి. ఆ కారణాలు తెలిస్తే సగం పని ఇంట్లో ఉన్న వస్తువులతోనే అయిపోతుంది.

ముందు ఈ చలి ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. కొరాపుట్ పీఠభూమి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, పక్కనే ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి కొండ 1672 మీటర్లు. కింద సాలూరు వంద మీటర్లు దాటి కాస్త ఎత్తు, అంతే. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కన చూసినా పైకీ కిందకీ అయిదు డిగ్రీల తేడా ఉండాలి. అయితే చలికాలం మబ్బులేని రాత్రి ఈ లెక్క కూడా సరిగ్గా నడవదు. నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది, దానికి తగిలి చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలు మీదినుంచి జారి పల్లంలో చేరుతుంది. అందుకే వాగు వెంబడి ఉండే పల్లపు వరిమడుల దగ్గర, ఇక్కడి వాళ్ళు జోలా అంటారే, ఆ పొలాల మధ్య కల్వర్టు దాటుతున్నప్పుడు మోకాళ్ళ మీద ఎవరో నీళ్ళు చల్లినట్టు ఒక్కసారిగా చలి కొడుతుంది, మళ్ళీ గట్టు ఎక్కగానే కాస్త తెరిపి. సూర్యుడు రావడానికి కాస్త ముందూ వెనకా ఈ చలి గరిష్టంగా ఉంటుంది. సరిగ్గా షిఫ్టుకి వెళ్ళేవాళ్ళూ, కుందులి సంతకి సరుకు తోలేవాళ్ళూ, పండక్కి ఊరెళ్ళేవాళ్ళూ రోడ్డు మీద ఉండేది కూడా ఆ వేళకే.

ఇప్పుడు గాలి. చలికి గాలి తోడైతే ఒంటికి ఎంత చలి అనిపిస్తుందో లెక్కగట్టే సూత్రం ఒకటి 2001 నుంచి అమెరికా, కెనడా వాతావరణ శాఖలు వాడుతున్నాయి. దాని ప్రకారం 8 డిగ్రీల చలిలో గంటకి 30 కిలోమీటర్ల గాలి తగిలితే 4 డిగ్రీలున్నట్టు, 60 కిలోమీటర్ల గాలికి 2 డిగ్రీలకి కాస్త పైన ఉన్నట్టు అనిపిస్తుంది. 5 డిగ్రీల చలిలో 60 అయితే సున్నాకి కిందకి, మైనస్ రెండు దాకా పోతుంది. బండి మీద నిజానికి ఇంకాస్త ఘోరంగానే ఉంటుంది. ఎందుకంటే ఆ సూత్రంలో గాలి వేగమంటే నేలకి పది మీటర్ల ఎత్తున కొలిచింది, మనిషి ముఖం దగ్గరికి వచ్చేసరికి అది తగ్గుతుందని ముందే సర్దుకుని కట్టిన లెక్క అది. బండి 60లో పోతుంటే చేతికి తగిలేది తగ్గింపులేని 60.

ఈ అంకెల్లో గమనించాల్సింది ఇంకోటి ఉంది. నష్టంలో ఎక్కువ భాగం మొదటి 30 కిలోమీటర్లలోనే జరిగిపోయింది, అక్కణ్ణుంచి 60కి వెళ్తే అదనంగా పోయేది రెండు డిగ్రీల లోపే. కాబట్టి 'నెమ్మదిగా పోతే చలి వెయ్యదు' అన్న మాట పూర్తి నిజం కాదు. నెమ్మదిగా పోవడం మంచిదే, కానీ దానివల్ల గంట ప్రయాణం గంటన్నర అయి, చలిలో ఉండే సమయం కూడా పెరుగుతుంది. చేతికి గాలి తగలకుండా ఆపడమే అసలు పని. ఊలు గ్లౌజు ఎంత లావుదైనా అల్లిక కన్నాల్లోంచి గాలి దూరి, లోపల వెచ్చబడ్డ గాలిని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. నిలబడి ఉన్నప్పుడు హాయిగా ఉండే అదే గ్లౌజు బండి మీద పనికిరాకుండా పోయేది అందుకే.

గాలి సంగతి చాలామందికి తెలుసు. ఒళ్ళు ఏం చేస్తుందో మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. గుండె, ఊపిరితిత్తులు, మెదడు వెచ్చగా ఉంటే చాలు శరీరానికి, వేళ్ళు దానికి తర్వాతి సంగతి. ఛాతీ, మెడ చల్లబడటం మొదలవగానే అది చేసే మొదటి పని చేతులకీ కాళ్ళకీ వెళ్ళే రక్తనాళాల్ని బిగించి, వేడి రక్తాన్ని మధ్యలోనే ఆపేయడం. వేలిలో సొంతంగా వేడి పుట్టించే కండ అంటూ లేదు, వేళ్ళని ఆడించే కండలన్నీ అరచేతిలో, ముంజేతిలో ఉంటాయి. పైగా సన్నగా ఉండటం వల్ల లోపలున్న కాస్త వేడీ చుట్టూ ఉన్న చర్మంలోంచి త్వరగా పోతుంది. అంటే వేలు వెచ్చగా ఉండాలంటే రక్తం రావాలి, రక్తం రావాలంటే ఛాతీ వెచ్చగా ఉండాలి. గ్లౌజు వేడిని పుట్టించదు, వచ్చిన వేడిని పట్టి ఉంచుతుంది, అంతే. రానిదాన్ని ఏం పట్టి ఉంచుతుంది?

వేళ్ళ చర్మం దాదాపు 15 డిగ్రీలకి దిగితే చేతిపని మందగిస్తుంది, 8 డిగ్రీల దగ్గరికి వస్తే స్పర్శే సరిగ్గా తెలియదు. బండి మీద ఇది సుఖానికి సంబంధించిన విషయం కాదు, బ్రేకుకి సంబంధించింది. 60లో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. మొద్దుబారిన వేళ్ళతో లివర్ అందుకోవడం అర సెకను ఆలస్యమైనా ఎనిమిది మీటర్లు ముందుకి పోయినట్టే, సాలూరు దారిలో సుంకి దగ్గర ఘాటీ (కొండదారి) మలుపుల్లో ఎదురుగా ఖనిజం లారీ వస్తుంటే ఆ ఎనిమిది మీటర్లు చాలా ఎక్కువ. ముందు బ్రేకు ఎంత నొక్కుతున్నామో తెలియక ఒక్కసారిగా పట్టేసి మంచుకి తడిసిన రోడ్డు మీద చక్రం జారడం ఇంకో ప్రమాదం.

కాబట్టి డబ్బు, శ్రద్ధ ఏది పెట్టినా ముందు ఛాతీ మీద, మెడ మీద పెట్టాలి. ఒక్క లావు జాకెట్టు కంటే బనియను, దాని మీద ఊలు స్వెటరు, పైన గాలి దూరని రెగ్జినో రెయిన్‌కోటో వేసుకోవడం మేలు, వాటి మధ్య చిక్కిన గాలే కాపాడుతుంది. జాకెట్టు లోపల ఛాతీకి అడ్డంగా నాలుగు మడతల న్యూస్‌పేపరు పెట్టుకోవడం పాత లారీ క్లీనర్ల కాలంనాటి చిట్కా, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. జిప్పు సందుల్లోంచి వచ్చే గాలిని అది ఆపినట్టు ఖరీదైన జాకెట్లు కూడా కొన్ని ఆపలేవు. మెడకి మఫ్లరు చుట్టి కొసలు లోపలికి దోపాలి, బయట వేలాడితే చక్రంలో పడే ప్రమాదం. హెల్మెట్ కింద గడ్డం దగ్గర సందు మూసుకుందా లేదా చూసుకోవాలి. మంకీ క్యాప్ మీద హెల్మెట్ బిగుతుగా పట్టకపోతే తలనీ మెడనీ కప్పే పలుచటి బాలాక్లావా తొడుగు కొనుక్కోండి, అంతేగానీ మంకీ క్యాప్ పెట్టుకుని హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకునే విద్య మాత్రం వద్దు.

తర్వాత మణికట్టు. నాడి పట్టి చూసేది అక్కడే కదా, అంటే వేళ్ళకి వెళ్ళే రక్తం చర్మానికి బాగా దగ్గరగా పారే చోటు అది. బండి మీద చేతులు ముందుకి చాచి ఉంటాయి కాబట్టి జాకెట్టు చెయ్యి గ్లౌజు పైకి వచ్చేలా వేసుకుంటే దాని నోరు సరిగ్గా గాలికి ఎదురుగా తెరుచుకుని ఉంటుంది, గాలి మోచేతి దాకా తిన్నగా పోతుంది. గ్లౌజు మూతి జాకెట్టు చెయ్యి పైకి రావాలి, అప్పుడు సందు వెనక్కి తిరిగి ఉంటుంది. గ్లౌజు పొట్టిదైతే పాత సాక్సు మడమ దగ్గర కత్తిరించి ఆ గొట్టాన్ని మణికట్టుకి తొడుక్కుంటే సరి, ఖర్చు లేదు, పని మాత్రం గొప్పగా చేస్తుంది.

ఇక గ్లౌజులు. కొలత దగ్గరే చాలామంది బోల్తా పడతారు. బిగుతుగా పట్టేసిన గ్లౌజులో గాలి పొర ఉండదు, పైగా వేళ్ళ రక్తనాళాల్ని అదే నొక్కిపెడుతుంది. లోపల వేళ్ళు కాస్త ఆడేంత వదులు ఉండాలి, లివర్ల మీద పట్టు జారేంత వదులు పనికిరాదు. లోపల పలుచని ఊలు గ్లౌజు, పైన గాలి దూరని తోలుదో రెగ్జిన్‌దో ఉంటే ఒక్క లావు గ్లౌజు కంటే బాగా పనిచేస్తుంది. అంత దూరం ఎందుకనుకుంటే గిన్నెలు తోముకునే రబ్బరు గ్లౌజులు ఒక సైజు పెద్దవి తెచ్చి ఊలు గ్లౌజుల మీద తొడగండి. చూడ్డానికి నవ్వొస్తుంది, టీ కొట్టు దగ్గర నాలుగు జోకులు పడతాయి, కానీ గాలినీ పొగమంచు తడినీ రెండింటినీ ఆపుతుంది. గంట దాటితే లోపల చెమ్మ చేరుతుంది, దూరప్రయాణానికి అంత మంచిది కాదు. ఊలు గ్లౌజు లోపల పాలిథీన్ కవరు కట్టుకోవడం కూడా అదే సూత్రం, కాకపోతే గ్రిప్పు మీద చెయ్యి జారుతుందేమో ముందు ఇంటి వీధిలో చూసుకోవాలి.

హ్యాండిల్‌కి తొడిగే కవర్ల గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. గ్రిప్పు, లివర్, చెయ్యి మూడింటినీ కలిపి కప్పేసే సంచిలాంటి ఈ కవర్లు ఉత్తరాదిలో చలికాలం చాలా బళ్ళకి కనిపిస్తాయి, మన వైపు ఇంకా పెద్దగా పాకలేదు. గాలిని చేతి దాకా రానివ్వకుండా మొదట్లోనే ఆపడంలో వీటికి సాటి లేదు, లోపల పలుచని గ్లౌజు చాలు. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, సీటు కవర్లు కుట్టేవాడి దగ్గర పాత రెగ్జిన్‌తో కుట్టించుకోవచ్చు కూడా. కుట్టించుకునేటప్పుడు లోపల అస్తరు మెత్తగా ఉండాలి కానీ బయటి గుడ్డ బిర్రుగా ఉండాలి. మెత్తటి గుడ్డైతే వేగం పెరిగే కొద్దీ గాలి ఒత్తిడికి లోపలికి నొక్కుకుపోయి ముందు బ్రేకు లివర్‌ని కాస్తకాస్తగా లాగుతుంది, బ్రేకు రాసుకుంటూ వేడెక్కుతుంది, వెనక లైటు వెలిగే ఉంటుంది, నడిపేవాడికి తెలియనే తెలియదు. లివర్‌కీ గుడ్డకీ మధ్య సందు ఉండేలా లోపల ఒక బద్దో, వంచిన ప్లాస్టిక్ ముక్కో పెట్టించాలి.

బిగించాక స్టాండు మీదే నాలుగు పరీక్షలు చెయ్యండి. హ్యాండిల్ అటూ ఇటూ చివరిదాకా తిప్పితే ఎక్కడా పట్టకూడదు. యాక్సిలరేటర్ తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి, గుడ్డ అందులో ఇరుక్కుంటే ఘాటీలో ప్రాణాల మీదకి వస్తుంది. హారను, ఇండికేటరు బొటనవేలికి అందాలి. అన్నిటికంటే ముఖ్యంగా చెయ్యి ఒక్క ఊపులో బయటికి రావాలి, మళ్ళీ చూడకుండా లోపలికి పోవాలి. ఇవి కుదరకపోతే ఈ కవరు వద్దనే చెప్పాలి, చేతులు చల్లగా ఉన్నా పర్వాలేదు. హిమాలయన్, ఎక్స్‌పల్స్‌లాంటి బళ్ళకి కనిపించే ప్లాస్టిక్ హ్యాండ్‌గార్డులు ఇంత వెచ్చదనం ఇవ్వవు కానీ ఎదురుగాలిని వేళ్ళ మీదనుంచి మళ్ళిస్తాయి, ఇలాంటి చిక్కులూ లేవు. మామూలు బళ్ళకి కూడా విడిగా దొరుకుతాయి.

లివర్లు అల్యూమినియంవి, వేడిని లాగేయడంలో ఆ లోహం దిట్ట. క్లచ్ మీద, బ్రేకు మీద రెండేసి వేళ్ళు ఆనించి నడిపే అలవాటున్న వాళ్ళకి ఆ రెండు వేళ్ళే ముందు చచ్చుబడతాయి. లివర్‌కి రబ్బరు తొడుగు వేసినా, క్రికెట్ బ్యాటు గ్రిప్పు టేపు చుట్టినా తేడా తెలుస్తుంది. హ్యాండిల్‌ని బిగించి పట్టుకోవడం కూడా రక్తాన్ని ఆపుతుంది. చలికి భుజాలు బిగుసుకుని, దాంతో పట్టు బిగుసుకుని, దాంతో వేళ్ళు ఇంకా చల్లబడి, మళ్ళీ పట్టు బిగుస్తుంది. ఆగినప్పుడల్లా భుజాలు వదులు చేసుకోవాలి.

కరెంటుతో వేడెక్కే గ్రిప్పుల మోజు ఈమధ్య పెరిగింది. పనిచేస్తాయి, సందేహం లేదు, కానీ అవి అరచేతిని వేడి చేస్తాయి, గాలి కొట్టేది చేతి వెనక వైపు. గాలికి అడ్డం లేకుండా ఇవొక్కటే బిగిస్తే అరచెయ్యి చుర్రుమంటూ వేళ్ళ వెనక జివ్వుమంటూ విచిత్రంగా ఉంటుంది. పైగా ఇవి 30 నుంచి 40 వాట్లు తింటాయి, అంటే ఇంకో హెడ్‌లైటు పెట్టినంత. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూ వీలర్లకి హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి వంద, నూట పాతిక సీసీ బండిలో తయారయ్యే కరెంటులో కొంత దానికే పోతుంది. ఈ బళ్ళ బ్యాటరీలు చాలావరకు మూడు నాలుగు ఆంపియర్ అవర్లవి, అంటే వాటిలో నిల్వ ఉండే కరెంటు తక్కువ. ఇంజను ఆపి గ్రిప్పులు ఆపడం మర్చిపోతే గంటలో ఖాళీ, తర్వాత ఆ చలిలో కిక్కు కొట్టుకుంటూ ఒళ్ళు వెచ్చబెట్టుకోవాలి. పెద్ద బళ్ళవాళ్ళు రిలే (తాళం తీయగానే కరెంటు ఆపేసే స్విచ్చు) పెట్టించుకుని బిగించుకోవచ్చు, చిన్న బళ్ళకి అయితే హ్యాండిల్ కవరే మేలు. ఇనుప పొడి గాలికి తుప్పుపట్టేటప్పుడు పుట్టే వేడితో పనిచేసే చిన్న పొట్లాలు కూడా వస్తున్నాయి. వాటికి గాలి ఆడాలి కాబట్టి రబ్బరు గ్లౌజులో బిగించి పెడితే చల్లారిపోతాయి, హ్యాండిల్ కవరు లోపల పెడితే బాగా పనిచేస్తాయి.

టీ సంగతికొద్దాం, ఎందుకంటే చలి అనగానే అందరికీ గుర్తొచ్చే మందు అదే. చిన్న గ్లాసు టీ ఒంటికిచ్చే వేడి ఎంతో లెక్క వేస్తే, ఖాళీగా కూర్చున్న మనిషి ఒళ్ళు ఒకటి, ఒకటిన్నర నిమిషంలో పుట్టించే వేడికి సమానం, అంతకంటే లేదు. టీ కొట్టు దగ్గర ఆగితే తెరిపి వచ్చేది గాలి ఆగినందుకు, వేడి గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నందుకు. ఆ పది నిమిషాలూ బెంచీ మీద కూర్చోకుండా చురుగ్గా అటూ ఇటూ నడిస్తే, నాలుగు గుంజీలు తీస్తే కండలు పుట్టించే వేడి టీని మించిపోతుంది. చేతులు భుజాల నుంచి గుండ్రంగా, గట్టిగా తిప్పితే రక్తం వేళ్ళ కొసలకి విసిరినట్టు చేరుతుంది, చూసేవాళ్ళు ఏమనుకున్నా సరే. బీడీ, సిగరెట్టు మాత్రం వేళ్ళకి శత్రువులు, నికోటిన్ రక్తనాళాల్ని ఇంకా బిగిస్తుంది. ఈ సీజన్లో దొరికే జీలుగు కల్లు తాగితే ఒళ్ళు వెచ్చబడినట్టు ఉంటుంది, నిజానికి చర్మం కింది నాళాలు తెరుచుకుని లోపలి వేడి బయటికి పోతోందన్నమాట. బండి నడిపేవాడు దాన్ని ముట్టకూడదని వేరే చెప్పాలా?

మొద్దుబారిన చేతుల్ని తిరిగి వెచ్చబెట్టే పద్ధతి కూడా ముఖ్యం. చంకల్లోనో తొడల మధ్యో పెట్టుకోవడం, లేదా గోరువెచ్చటి నీళ్ళలో ముంచడం మంచిది. సైలెన్సరు మీద, ఇంజను మీద చేతులు ఆనించడం, చలిమంటకి మరీ దగ్గరగా పెట్టడం ప్రమాదం, స్పర్శ లేని వేలికి కాలుతున్న సంగతి బొబ్బ లేచాకే తెలుస్తుంది. షుగరు వల్ల అరికాళ్ళు, చేతులు తిమ్మిరెక్కే వాళ్ళు ఈ విషయంలో మరీ జాగ్రత్త. కొందరికి కాస్త చలికే వేళ్ళు సున్నం రాసినట్టు తెల్లబడి, తర్వాత నీలంగా, ఆపైన ఎర్రగా మారతాయి. ఫ్రెంచి వైద్యుడు రేనో 1862లో వివరించడం వల్ల ఆయన పేరే ఆ సమస్యకి వచ్చింది. అలా జరిగేవాళ్ళు గ్లౌజులు మార్చుకుంటూ కూర్చోకుండా డాక్టరుకి చూపించుకోవాలి. మన చలిలో వేలు గడ్డకట్టడం మాత్రం జరగదు. గాలి ఎంత వేగంగా కొట్టినా తడి లేని చర్మాన్ని అసలు ఉష్ణోగ్రత కంటే కిందకి దించలేదు, గాలి 5 డిగ్రీలుంటే వేలు 5 కంటే చల్లబడదు. కానీ రోజుల తరబడి తడి, చలి రెండూ తగిలితే వేళ్ళు వాచి, ఎర్రబడి, దురద పెట్టడం ఈ ప్రాంతంలోనూ చూస్తాం.

సంక్రాంతి వస్తోంది కాబట్టి పిల్లల సంగతి. భోగి నాటికి బొబ్బిలికో పార్వతీపురానికో చేరాలని చీకటితోనే బయల్దేరే కుటుంబాల్లో ట్యాంకు మీద ముందు కూర్చునేది పిల్లే. మొదటి గాలి తగిలేది తనకే, చేతులు పట్టుకునేది అద్దాల ఇనప కడ్డీల్ని, వెనక కూర్చున్న అమ్మకేమో నాన్న వీపు అడ్డం. పెద్దవాళ్ళ కంటే పిల్లల ఒళ్ళు చాలా త్వరగా చల్లబడుతుంది, చలేస్తోందని సరిగ్గా చెప్పలేరు కూడా, మాట్లాడకుండా ముడుచుకుని నిద్రపోతున్నట్టు ఉంటారు. పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టుకోండి, లేదా ఆ రెండు గంటల దారికి బస్సెక్కించండి, లేదా ఎండ వచ్చాక ఎనిమిదికి బయల్దేరండి. భోగిమంట మన కోసం ఆగకపోయినా పండగ మూడు రోజులుంటుంది.

ఘాటీ దిగి సాలూరు చేరేసరికి ఎండ చుర్రుమంటుంది, గ్లౌజులు తీసి డిక్కీలోనో సంచిలోనో కుక్కేస్తారు. అందులో చెమట, పొగమంచు తడి అలాగే ఉంటాయి. సాయంత్రం తిరిగి ఘాటీ ఎక్కేటప్పుడు ఆ తడి గ్లౌజే తొడుక్కుంటే గాలికి ఆ తడి ఆరుతూ చేతిలోని వేడినంతా తీసుకుపోతుంది, పొద్దున్నటికంటే చలి తక్కువున్నా వేళ్ళు ముందే కొంకర్లు పోతాయి. సాలూరులో దిగగానే గ్లౌజులు లోపలి వైపు బయటికి తిప్పి అద్దాలకి తగిలించి ఎండలో ఉంచండి. తోలువైతే తిన్నగా ఎండలోనూ, పొయ్యి దగ్గరా పెట్టొద్దు, బిరుసెక్కి పగులుతాయి, నీడలో గాలికి ఆరబెట్టి కాస్త కొబ్బరి నూనె రాయండి. ఇంకో జత ఊలువి సంచిలో ఉంటే మరీ మంచిది.